గట్టు అవతలికి ఒక కేక

"తెలీదు" అనే మాట నా నోటి నుంచి రావడానికి నలభై ఏడేళ్లు పట్టింది. అంతవరకూ నన్ను ఎవరు ఏం అడిగినా నా దగ్గర సమాధానం ఉండేది. బడిలో సైన్సు చెప్తాను కాబట్టి ఉండాలి కూడా అనుకునేదాన్ని. ఊళ్లో ఎవరికైనా బీపీ మాత్ర రంగు మారితే నన్నే అడిగేవాళ్లు, టమోటా ఆకు ముడుచుకుంటే నన్నే అడిగేవాళ్లు, బ్యాంకు కాగితం ఇంగ్లీషులో వస్తే నన్నే అడిగేవాళ్లు. మా ఆయన పక్కన కూచుని, "మా ఇంట్లో పొద్దు గూడా ఆమెను అడిగే పొడుస్తాది" అని నవ్వేవాడు. ఆ ఎగతాళి నాకు పొగడ్తగానే వినిపించేది.

దేవుణ్ని నమ్మేదాన్ని. రోజూ స్నానం చేసి, స్వామి పటం ముందు దీపం పెట్టి, "మంచి బుద్ధి ఇవ్వు స్వామీ" అని అడిగి, జోడించిన చేతులు దించకముందే బస్సు టైము చూసుకునేదాన్ని. ఆ ప్రార్థన మా నాయన నేర్పింది. ఆయన కూలి మనిషి, వేలిముద్ర వేసేవాడు. పరీక్షలకు పోయేటప్పుడు నేను మార్కులు రావాలని మొక్కుకుంటే, "మార్కులు నువ్వు తెచ్చుకో, ఆయప్పను బుద్ధి అడుగు" అనేవాడు. తనూ అదే అడిగేవాడు. కాకపోతే అడిగాక అక్కడి నుంచి కదిలేవాడు కాదు. కళ్లు మూసుకుని అట్లాగే నిలబడిపోయేవాడు, కంచంలో సంగటి చల్లారిపోయేది. "ఏం నాయనా, ఇంకా ఏం అడగతాండావు?" అంటే, "అడిగేది అయిపాయ. ఆయప్ప సెప్పేది ఇనొద్దా?" అనేవాడు. నాకు నవ్వొచ్చేది.

మా ఊరు పుంగనూరు నుంచి సోమల పోయే దారిలో, రోడ్డు దిగి కొంచెం లోపలికి ఉంటుంది. మాది తరతరాలుగా ఇంకొకరి చేలల్లో పని చేసిన ఇల్లు. నేను మదనపల్లెలో బీయెడ్ చదివి, పుంగనూరులో టీచరునయ్యాను. కొన్నేళ్లకు ఊళ్లోనే రెండెకరాలు కొన్నాం. మా ఆయన అందులో టమోటా పెడతాడు. దానికి పడమటి గట్టు అవతల ఒక మల్బరీ తోట ఉంది. అది మా అమ్మ వయసంతా కూలికి పోయిన ఇంటివాళ్లది.

ఆ ఇల్లు మట్టి గోడల పెద్ద మిద్దె. నా చిన్నప్పుడు అందులో పెత్తనం చేసే పెద్దామె ఒకరు ఉండేది. చేలో పని దిగాక అమ్మ ఆ వాకిట్లోకి పోయేది. "ఆడే నిలబడు" అని లోపలి నుంచి మాట వచ్చేది. అమ్మ నిలబడేది, ఎండలోనే. చెంబు ఎత్తి పైనుంచి మజ్జిగ పోస్తే దోసిట్లో పట్టుకుని తాగేది. అమ్మ కొంగు పట్టుకుని నేనూ నిలబడేదాన్ని. ఆ గడప లోపల ఏముందో నాకు తెలీదు, అమ్మకూ తెలీదు. పెద్దయ్యాక ఎవరి ముందూ తల వంచకూడదని నేను ఆ వాకిట్లోనే గట్టిగా అనుకున్నాను. నా చదువు వెనక ఉన్న పట్టుదలంతా అక్కడిదే. దాన్ని నేను ఇప్పటికీ తప్పు పట్టను.

ఆ పెద్దామె పోయి చాలా ఏళ్లయింది. ఆమె కోడలు ఇప్పుడు అరవై దాటిన మనిషి. భర్త లేడు, కూతుళ్లు పెళ్లిళ్లై పోయారు, ఒక్కతే పట్టుపురుగులు మేపుతుంది. పక్కనే చిన్న ఇల్లు కట్టుకుని పాత మిద్దెను పురుగుల ఇల్లు చేసింది. మట్టి గోడలు కాబట్టి ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉంటుంది, పురుగుకు అదే కావాలి. మా అమ్మ ఆ ఇంట్లో అందరినీ "అమ్మా" అనేది. నేను కావాలనే ఆమెను "అక్కా" అని పిలిచాను, ఆమె కాదనలేదు. నన్ను మాత్రం "టీచరమ్మా" అంటుంది.

మా పక్క టమోటా, మల్బరీ ఒకే గట్టుకు అటొకటి ఇటొకటి ఉంటాయి. మందు కొట్టకుండా టమోటా కాయ చేతికి రాదు. ఆ మందు తుంపర మల్బరీ ఆకు మీద పడితే, ఆ ఆకు తిన్న పురుగు బతకదు. అందుకని మాలో ఒక కట్టడి ఉంది. ఎవరూ రాసింది కాదు, ఎవరూ తప్పేది కాదు. మందు కలపకముందే గట్టెక్కి "మందు కొడతాండాం!" అని కేక వేయాలి. అవతలివాళ్లు ఆగమంటే ఆగాలి. వాళ్లు కావలసిన ఆకు కోసుకుని, ఇంక కొట్టుకోండి అన్నాకే మొదలుపెట్టాలి. బదులు రాకపోతే ఇంటికి పోయి చెప్పాలి, మనిషి దొరికేదాకా ట్యాంకు ముట్టకూడదు. అన్నదమ్ములు మొహాలు చూసుకోనంతగా కొట్లాడుకున్న చేలల్లో కూడా ఈ కేక ఆగదు. కేక లేదంటే మందు లేదనే అర్థం. ఆ ధైర్యంతోనే మల్బరీవాళ్లు ఆకు కోస్తారు.

ఉగాది వెళ్లిన కొత్తలో ఒక సాయంత్రం ఆమె పురుగులు చూద్దామని బడి నుంచి నేరుగా పోయాను. తలలో మల్లెపూలు, మొహానికి పౌడరు. గడప దాటబోతుంటే లోపలి నుంచి మాట వచ్చింది.

"టీచరమ్మా, ఆడే నిలబడు. లోపలికి రావద్దు."

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. అదే వాకిలి, అదే గడప, అదే మాట. ఆమె ఇంకా ఏదో అంటోంది, నేను వినలేదు. ఒళ్లంతా మండిపోయింది. గిరుక్కున తిరిగి వచ్చేశాను, ఆ రోజు నుంచి ఆమె ఎదురైతే మొహం తిప్పుకున్నాను.

పురుగుల ఇంట్లోకి పూల వాసన, పౌడరు వాసన, పొగాకు వాసన పోకూడదు. ఎవరైనా సరే, బ్లీచింగు నీళ్లతో కాళ్లు కడుక్కునే లోపలికి అడుగు పెట్టాలి. మా ఊళ్లో ఇది అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ క్షణంలో మాత్రం ఆ తెలిసిన సంగతి నా దరిదాపులకు రాలేదు. తర్వాత వచ్చినా నేను రానివ్వలేదు. చిన్నప్పటి నుంచి దాచుకున్న కోపానికి ఇన్నాళ్లకు ఒక మనిషి దొరికింది, వదులుకోవడానికి నాకు మనసు రాలేదు.

రెండు వారాలకు మా టమోటా కాయలో పురుగు పడింది. ఆదివారం తెల్లారి మా ఆయన మందు ట్యాంకు పక్కన పెట్టి, అలవాటు ప్రకారం గట్టు వైపు నడిచాడు.

"యాడికి?" అన్నాను.

"కేక ఎయ్యొద్దా?"

"అక్కర్లేదు. గాలి సూడు, తూర్పుకు పోతాండాది. వాళ్ల పక్కకు పోనే పోదు."

గుప్పెడు దుమ్ము తీసి గాల్లో వదిలి చూపించాను. దుమ్ము తూర్పుకే పోయింది. మా ఆయన దుమ్మును చూశాడు, నన్ను చూశాడు. "అయినా ఒక కేకే గదా" అన్నాడు.

"వాళ్లేమన్నా మనకు ఆఫీసర్లా, పర్మిషను తీసుకునేదానికి?"

నాతో వాదించి ఆయన గెలిచిన రోజు లేదు. ట్యాంకు భుజానికి తగిలించుకున్నాడు.

ఎనిమిది దాటాక గాలి తిరిగింది. పొద్దెక్కి నేల వేడెక్కితే గాలి దిశ మారుతుందని నేను ఏటా ఏడో తరగతికి బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్తాను. గట్టు దగ్గరి చివరి సాళ్లు కొట్టేటప్పుడు తుంపర పడమటికి పోవడం నా కళ్లతో చూశాను. చూసి, "రవ్వంతే లే, ఏం కాదు" అనుకున్నాను. మా ఆయనను ఆగమని అనలేదు.

ఆ రోజు ఆమె ఊళ్లో లేదు. రామకుప్పం దగ్గర పుట్టింటి ఊళ్లో ఒక పెద్దావిడ చనిపోతే, పొద్దున్నే పురుగులకు ఆకు వేసి చావింటికి పోయింది. మేం కేక వేసి ఉంటే బదులు వచ్చేది కాదు. బదులు రాలేదని మేం ఆగేవాళ్లం. ఆమె సాయంత్రం వచ్చి, ఒంటికి నీళ్లు పోసుకుని, మా గట్టు పక్కన ఆకు కోసి పురుగులకు వేసింది. పురుగులు అప్పటికి నాలుగో జ్వరం దాటాయి. పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండి, చర్మం మార్చుకుని లేస్తుంది. దాన్నే మావాళ్లు జ్వరం అంటారు. నాలుగోది దాటితే ఇంక వారంలో గూడు కడుతుంది. పడిన పాటంతా చేతికొచ్చే వారం అది.

సోమవారం పొద్దున నేను మదనపల్లె బస్సుకు బయలుదేరుతుంటే ఆమె మా ఇంటికి వచ్చింది. ఆమె మా ఇంటికి రావడం అదే మొదలు. చేతిలో మల్బరీ ఆకు, దాని మీద ఐదారు పురుగులు. ఒకటి తల అటూ ఇటూ కొట్టుకుంటోంది. మిగతావి పచ్చటి నీళ్లు కక్కి ముడుచుకుపోయాయి.

"టీచరమ్మా, నువ్వు సదువుకున్నదానివి. ఇదేం రోగమో సూసి సెప్పమ్మా. నిన్న మాపట్నించి ఇట్లే పడిపోతాండాయి. నాకేం తోచడంల్యా."

చూడగానే తెలిసిపోయింది. పక్కనున్న మా ఆయనకూ తెలిసింది. ఆయన నా మొహం చూసి, చెప్పులు వెతుక్కునే నెపంతో లోపలికి పోయాడు. ఆమెకు మాత్రం ఆ అనుమానమే లేదు. ముప్ఫై ఏళ్లుగా పురుగులు మేపే మనిషికి మందు తగిలిన పురుగు ఎట్లా ఉంటుందో తెలీక కాదు. మందు కొడితే ఎవరో ఒకరు చెప్తారని, చెప్పలేదు కాబట్టి కొట్టలేదని ఆమె ధీమా.

"ఎండలు ముదిరినాయి గదక్కా. వేడి తగిలింటాది" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆమె తల అడ్డంగా ఊపింది. "వేడి గాదులే. నాదే తప్పు. సావింటికి పోయొచ్చి తలకు పోసుకోకుండా ఆకు ముట్టినా. గంగమ్మకు కోపమొచ్చింది. రేపు మంగళారం, గుడికి పోయి తప్పు ఒప్పుకోని వస్తా. ఇంక ఈ చేత్తో పురుగులు మేపను. ఇదే ఆఖరు."

పురుగులున్న ఆకును జాగ్రత్తగా కొంగులో పెట్టుకుని వెళ్లిపోయింది. నేను చేసిన తప్పును ఆమె రేపు దేవత ముందు తన నెత్తిన వేసుకోబోతోంది, దానికి శిక్షగా బతుకుతెరువే వదులుకోబోతోంది. ఆపగలిగింది నేనొక్కదాన్నే. నేను పోయి బస్సెక్కాను.

ఆ రోజు మదనపల్లె దాటాక అంగళ్లు దగ్గర ఒక కాలేజీ హాల్లో సైన్సు టీచర్లకు శిక్షణ. నన్నూ మాట్లాడమన్నారు. "పిల్లలు అడిగింది మనకు రాకపోతే, తెలీదని చెప్పడానికి సిగ్గుపడకూడదు" అని మైకు పట్టుకుని చక్కగా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. భోజనాలప్పుడు కంచంలోని ఆకుకూర కూడా ఆమె కొంగులోని ఆకునే గుర్తు చేసింది.

సాయంత్రం ఇంటికొచ్చి దీపం పెట్టి, "స్వామీ, మంచి బుద్ధి ఇవ్వు" అని అడిగాను. నాకు ఎట్లాంటి బుద్ధి కావాలో కూడా వివరంగా చెప్పాను. ఆమె గుడికి పోకుండా ఆగాలి. పురుగులు మేపడం మానకూడదు. నేను మాత్రం ఆ గడప ముందు తల వంచకూడదు. దీనికో దారి చూపించు. మందు ఏ దూరపు చేలోంచో గాలికి వచ్చి ఉంటుందని చెప్పనా? మా ఆయనతో చెప్పించనా? ఏమీ చెప్పకుండా ఆమెకు ఏదైనా సాయం చేసి సర్దుకోనా? కొట్లో చీరలు పరిచినట్టు ఒక్కో ఉపాయం ఆయన ముందు పరిచాను. ఏదీ నాకే నచ్చలేదు.

అప్పుడు నాయన గుర్తొచ్చాడు. అడిగాక అక్కడే నిలబడిపోయే నాయన. ఇన్నేళ్లుగా ఆయన నేర్పిన ప్రార్థన చేస్తున్నాను గాని సగమే చేస్తున్నాను. అడగడం అయ్యాక వినడం కూడా ఉందని ఆయన చెప్పాడు, నేను నవ్వి ఊరుకున్నాను. ఈసారి నోరు మూసుకున్నాను, కళ్లు మూసుకున్నాను. వంటింట్లో మా ఆయన గిన్నె కింద పడేసిన చప్పుడైంది. ఒకసారి మోకాలు నొప్పి పెట్టింది. అయినా నిలబడ్డాను.

దేవుడు నా చెవిలో మాట్లాడాడని నేను చెప్పను. బదులు ఇచ్చాడని మాత్రం గట్టిగా చెప్తాను. ఏం చేయాలో నాకు ఆదివారం నుంచీ తెలుసు. నేను అడుగుతున్నది బుద్ధి కాదు, తప్పించుకునే తెలివి. ఆ తెలివి ఆయన దగ్గర దొరకదు. ఎంత బతిమాలినా అది రాకపోవడమే నాకు వచ్చిన జవాబు.

ఇంకొకటి కూడా తేలింది. ఆ వాకిట్లో మా అమ్మ మెడ వంచింది ఇంకొకరు. అది అవమానం, దాన్ని ఎదిరించి తీరాలి. నేను చేసిన తప్పుకు నా మెడ నేనే వంచుకోవడం అట్లాంటిది కాదు. చూసేవాళ్ల కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, అందుకని నేనూ రెంటినీ ఒకటే అనుకుని, రెండోదాన్ని కూడా చేయనని ఇన్నేళ్లు భీష్మించుకుని కూచున్నాను. దేవుడి ముందు వంగుతున్నాను కదా, చాల్లే అనుకునేదాన్ని. గదిలో పటం ముందు వంగడానికి ఏం కష్టం, చూసేవాళ్లెవరూ ఉండరు.

మంగళవారం తెల్లవారగానే పోయాను. పూలు పెట్టుకోలేదు, పౌడరు రాసుకోలేదు. ఆమె తలస్నానం చేసి, పళ్లెంలో టెంకాయ, పసుపు, కుంకుమ పెట్టుకుని, గుడికి పోయేముందు పురుగులను ఒకసారి చూసుకుందామని పాత మిద్దెలోకి వచ్చింది. లోపల ఆమె, బయట నేను. మా అమ్మ నిలబడే చోటే నిలబడ్డాను.

"అక్కా, గుడికి పోవద్దు. మైలా గాదు, వేడీ గాదు. ఆదివారం మేం మందు కొట్టినాం. గాలి నీ తోట మీదికి తిరిగింది. నేను సూసినా, సూసి గూడా ఊరకున్నా. మా ఆయన కేక ఎయ్యబోతే నేనే వద్దన్నా. నిన్న నీకు అబద్ధం సెప్పినా. తప్పు నాది."

చెప్పేసరికి తల దానంతట అదే వంగింది. నేను భయపడ్డంత కష్టం కాలేదు.

ఆమె పళ్లెం గడప పక్కన పెట్టింది. తర్వాత తిట్టింది, బాగానే తిట్టింది. "నీ సదువు నా పురుగులను తినేసింది గదే" అంది. ఆమె నన్ను టీచరమ్మా అనకుండా మాట్లాడింది అదే మొదలు. నోరెత్తకుండా పడ్డాను. తిట్లు అయిపోయాక అడిగింది.

"యాల? కేక యాల ఎయ్యనీల్యా నువ్వు?"

చెప్పాను. పూలు పెట్టుకుని వచ్చిన రోజు సంగతి, అంతకు ముందటి మా అమ్మ సంగతి. చెప్తుంటే ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఆమె కిందికి, గడప వైపు చూసింది.

"మీ అమ్మను ఈడ నిలబెట్టింది మా అత్త. నిన్ను నిలబెట్టింది పురుగులు. వాటికి కూలోళ్లు, టీచర్లు అని తెలీదు గదా." తలుపు పట్టుకుని నిలబడింది. "మా అత్త సేసింది తప్పే. కొత్త కోడల్ని, లోపల నిలబడి అంతా సూస్తానే ఉన్నా. నోరెత్తల్యా. ఇంతవరకూ ఎవురికీ సెప్పల్యా ఆ మాట."

నా తప్పు ఒప్పుకోవడానికి పోయినదాన్ని, ఇది వింటానని అనుకోలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. చివరికి ఆమే కళ్లు తుడుచుకుని, పని మాట ఎత్తింది.

"ఆ ఆకు ఇంక ఎన్ని దినాలు ముట్టగూడదు?"

నా నాలుక చివర ఒక అంకె సిద్ధంగా ఉంది. ఎప్పుడూ ఉంటుంది. దాన్ని మింగేశాను. "తెలీదక్కా. కనుక్కోని సెప్తా" అన్నాను.

"అట్ల సెప్పు" అంది ఆమె. పళ్లెం మళ్లీ చేతిలోకి తీసుకుంది. "టెంకాయ ఎట్లాగూ తెస్తి. పోదాం పా."

ఇద్దరం కలిసి గంగమ్మ గుడికి పోయాం. తప్పు ఒప్పుకుంది మాత్రం నేను.

నేను నిజం చెప్పినందుకు చచ్చిన పురుగు ఒక్కటీ లేచి రాలేదు. ఆ పంట పోయింది. పట్టుపురుగుల ఆఫీసులో కనుక్కుంటే, గట్టు పక్క కొమ్మలన్నీ నరికించి, కొత్త చిగురు వచ్చేదాకా ఆగమన్నారు. సెలవు రోజుల్లో నేనూ కొడవలి పట్టి నరికాను. గట్టు వెంబడి మా వైపు నాలుగు సాళ్లు టమోటా పీకేసి, అడ్డంగా ఉంటుందని జొన్న చల్లాం. మా ఆయనతో, "ఆ పొద్దు నువ్వు సెప్పిందే నిజం" అన్నాను. ఆయనకు నా నోట అట్లాంటి మాట వినే అలవాటు లేక, ఏం చేయాలో తోచక టీ పెట్టుకొచ్చాడు.

తోట చిగిర్చాక, రెండో జ్వరం దాటిన పిల్లపురుగులను కుప్పం వైపు నుంచి తెచ్చుకోవాలి. ఈ పంటకు పురుగులు నేను తెస్తానన్నాను. నన్ను ఒక్కదాన్నే పంపేంత నమ్మకం ఇంకా కుదరలేదు కాబోలు, తనూ వచ్చింది. వచ్చేటప్పుడు పురుగుల ట్రే నా ఒళ్లోనే పెట్టింది. పలమనేరు దాకా బస్సు కిటికీ పక్క ఎండ పడకుండా నా కొంగుతో అడ్డం పట్టుకుని కూచున్నాను. దారంతా నేను అడుగుతూనే ఉన్నాను, ఆమె చెప్తూనే ఉంది. జ్వరంలో ఉన్న పురుగు ముందు ఎందుకు మాట్లాడకూడదు, అన్నీ లేచేదాకా మేత ఎందుకు వేయకూడదు, ఒకటి రెండు ముందుగా లేచి ఆకలికి తల ఆడిస్తుంటే మనసు ఎట్లా ఉగ్గబట్టుకోవాలి. "ఎవురు ముందు లేచినా అందరూ లేచేదాకా కాసుకోని ఉండల్ల. తొందరపడి ఏస్తే పంట ఎగుడుదిగుడు అయితాది" అంది. పరీక్షకు చదివినట్టు విన్నాను. నేను అంతసేపు ఒకరి మాట వినడం ఆ బస్సులోనే జరిగింది.

గట్టు పక్క కొత్త ఆకును ముందు పది పురుగులకు మాత్రం వేసి ఒక రోజు చూసింది. పదీ బాగున్నాయి. అప్పుడు అన్నిటికీ వేసింది.

ఇప్పుడు కేక నేనే వేస్తాను. ఆదివారం పొద్దున గట్టెక్కి, "అక్కా, మందు కొట్టల్లనుకుంటాండాం!" అని అరిచి, బదులు వచ్చేదాకా ట్యాంకు మూత కూడా తీయను. ఒకసారి "రెండు దినాలు ఆగు, ఇంకా ఆకు కోసుకోల్యా" అంది. ఆగాం. కొన్ని కాయలు పుచ్చిపోయాయి, మదనపల్లె మార్కెట్టుకు పోయిన లోడు ఆ వారం తక్కువే. మా ఆయన నవ్వాడు. "ముందు పొద్దు నిన్ను అడిగి పొడిచేది, ఇప్పుడు గట్టు అవతల అడిగి పొడుస్తాండాది" అన్నాడు. అననీ. దీపం ముందు కూడా నేను ఇట్లాగే నిలబడుతున్నాను. అడుగుతాను, ఆగుతాను, వింటాను. ఒక్కోరోజు బస్సు తప్పిపోతుంది. అడిగి ఆగినవాళ్లకు ఆయన బుద్ధి ఇవ్వకుండా పంపడని నాకిప్పుడు అనుమానం లేదు.

కుప్పం వైపు నుంచి తెచ్చిన పురుగులు బాగా గూళ్లు కట్టాయి. గూళ్లు ఏరే రోజున చేతులు చాలవని ఆమె మా ఇంటికి కబురు పెట్టింది. "మీ అమ్మను గూడా పిల్సకరా" అని కూడా చెప్పి పంపింది. అమ్మ మాతోనే ఉంటుంది, డెబ్బై దాటింది. ఎందుకు అని అడగలేదు, మంచి చీర కట్టుకుని వచ్చింది.

నేను కాళ్లు కడుక్కుని ముందు లోపలికి పోయాను. వెనక్కి చూస్తే అమ్మ లేదు. వాకిట్లో, ఎప్పుడూ నిలబడే చోటే, ఎండలో, తల మీద కొంగు కప్పుకుని నిలబడి ఉంది. ఎవరూ నిలబడమని చెప్పలేదు.

నేను పిలిచేలోపే అక్క చెంబుతో బయటికి పోయింది. "పెద్దమ్మా, కాళ్లు ఇట్ల పెట్టు" అంది. ఆ ఇంటివాళ్లు మా అమ్మను వరస పెట్టి పిలవడం నేను అంతకుముందు వినలేదు. అమ్మ కంగారుగా కాళ్లు వెనక్కి తీసుకుంది. "వద్దమ్మా, నేను పోసుకుంటా" అంది.

"ఈడ ఎవురొచ్చినా కాళ్లు కడిగే లోపలికి రావల్ల" అని, ఆమె నడుం వంచి, తన చేత్తోనే అమ్మ పాదాల మీద నీళ్లు పోసింది. చెంబు పక్కన పెట్టి అమ్మ చెయ్యి పట్టుకుంది.

అమ్మ గడప దాటింది. గూళ్లతో నిండిన చంద్రికలనే వెదురు తట్టలను అమ్మ చూడలేదు. గోడ మీద చెయ్యి పెట్టి, పైకప్పు దూలాలను చూసింది. తల మీది కొంగు తీసేసి, నా వైపు తిరిగింది.

"లోపల ఇంత సల్లగా ఉంటాదా!" అంది.